నీలివన్నె కొలత

శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసన, తూర్పుకనుమలకును సముద్రమునకును నడుమ, ఉద్దానమను సీమ కలదు. ఉద్యానవనమను మాటయే ప్రజల వాడుకలో ఉద్దానమైనదని అచ్చటి పెద్దలు చెప్పుదురు. ఆ పేరు ఆ నేలకు తగియే యున్నది. ఇచ్ఛాపురము మొదలుకొని కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వరకు ఎటు చూచినను కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు, పనసచెట్లు కన్నులపండువుగా నుండును. పలాస జీడిపప్పు దేశమంతట పేరెన్నిక గన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరముపై విరుచుకుపడి లెక్కకు మిక్కిలి చెట్లను నేలగూల్చెను. ఉద్దానపు రైతులు కన్నీరు తుడుచుకొని మరల మొక్కలు నాటుకొనిరి.

కూలిన చెట్టు కంటికి కనబడును. ఈ సీమను పట్టిన మరియొక ఆపద కంటికి కనబడదు. అది మూత్రపిండముల వ్యాధి. మధుమేహము లేనివారికి, రక్తపు పోటు లేనివారికి, పొలములో చెమటోడ్చి పనిచేయు నడివయసు రైతులకు, కూలీలకు ఈ వ్యాధి వచ్చుచున్నది. దేశవిదేశముల వైద్యులు నీటిని, మట్టిని, ఆహారమును పరీక్షించిరి. కాని కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఈ రోగము దొంగవలె ఇల్లు చొరబడును. నొప్పి యుండదు, జ్వరముండదు. మూత్రపిండముల శక్తి సగమునకు పైగా నశించువరకు మనిషి నాగలి పట్టుచునే యుండును, తాటిచెట్టు ఎక్కుచునే యుండును. కాళ్లు పొంగి, ఆకలి చచ్చి, ఆయాసము పుట్టి అతడు వైద్యుని యొద్దకు వచ్చునప్పటికి చేయదగినది కొంచెమే మిగిలియుండును.

అట్టి రోగమును ముందుగా పట్టుటకు ముఖ్యమైన మార్గమొకటి కలదు. కొలది రక్తము తీసి, అందులో ఏమి చేరియున్నదో, ఎంత చేరియున్నదో కొలువవలెను. అయితే ఆ కొలతకు ఖర్చెంత అనునది పెద్ద ప్రశ్న. పూర్వము ఉద్దానపు రోగులు పరీక్షలకును చికిత్సకును సుమారు 200 కిలోమీటర్ల దూరముననున్న విశాఖపట్టణమునకు పోవుచుండిరి. పరీక్ష రుసుము ఒకటి, దారిఖర్చు ఒకటి, తోడు వచ్చినవాని కూలి పోవుట మరియొకటి. కష్టము కనబడని రోగమునకై కూలి పోగొట్టుకొనుటకు ఎవరికి మనసొప్పును? కనుక పరీక్ష వాయిదా పడును; రోగము మాత్రము వాయిదా పడదు.

క్షయరోగము విషయమున ఈ సంగతి ముందే ఋజువైనది. 1882లో జర్మనీ దేశపు రాబర్టు కాక్ క్షయక్రిమికి రంగువేసి చూపెను. ఆ పిమ్మట మరికొందరు ఆ రంగువేయు పద్ధతిని సులభము చేసిరి. గాజుపలక, రెండు మూడు రంగులు, ఒక సూక్ష్మదర్శిని యున్న చాలును. రోగి కఫములో క్రిములున్నవో లేవో తాలూకా ఆసుపత్రిలోనే తెలిసికొనవచ్చును. 1962లో మన దేశమున ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమమునకు ఆ చవుక పరీక్షయే పునాది. రక్తములోని రసాయన పదార్థములను కొలుచుటకు కూడ ఇట్టి చవుక మార్గమును వెదకినవారు కొందరు కలరు. వారిలో ఒకడు తెలుగువాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి సీమలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి ప్రభుత్వ రెవెన్యూశాఖలో ఉద్యోగి. అనారోగ్యమువలన ముందుగనే పని మానవలసి వచ్చెను. సంతానము ఏడుగురు. ఇంటిలో పేదరికము చేరెను. బాలుడైన సుబ్బారావునకు చదువుమీద కంటె ధనార్జనమీద మనసు పోయెను. పదమూడవయేట కాశికి పారిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడు కావలెనని బయలుదేరెనట. తల్లి అతనిని దారిలోనే పట్టి వెనుకకు తెచ్చెను. వెంకమ్మ మాటకు తిరుగులేదు. రాజమహేంద్రవరమున చదివించెను. అతడు మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పెను. తండ్రి మరణించెను. తల్లి నగలమ్మి కొడుకును మద్రాసు పంపెను. అచ్చటి హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవమారు ఉత్తీర్ణుడయ్యెను. రెండుమారులు తప్పిన ఆ బాలుని పేరు తరువాతి కాలమున ప్రపంచమందలి జీవరసాయన గ్రంథములలో నెక్కెను. కాని ఆ తల్లికి అప్పుడు తెలిసినది ఒక్కటే: నగలు పోయినవి, చదువు మిగిలినది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా సుబ్బారావు మనసు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్యసించెదనని తల్లిని అనుమతి యడిగెను. ఆమె ఒప్పుకొనలేదు. వైద్యము నేర్చి రోగులకు సేవచేయుట కూడ సాధనయేయని మఠమువారు నచ్చజెప్పగా అతడు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. చదువునకు ధనము కావలెను. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహమయ్యెను. మామగారు చదువు ఖర్చు భరించెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావు శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు అంగీ ధరించి నిలిచెను. అది శస్త్రవైద్య శాఖాధిపతియగు దొరకు కంటగింపయ్యెను. తక్కిన పరీక్షలలో చక్కగా వ్రాసినను, చివరకు అతనికి దక్కినది పూర్తి వైద్యపట్టము గాక తక్కువ హోదా గల ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించి విఫలుడయ్యెను. తుదకు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడుగా చేరెను.

ఇంతలో ఆ కుటుంబముపై పిడుగు పడెను. స్ప్రూ అను వ్యాధి ఉష్ణదేశములలో పుట్టునది. తిన్న యన్నము వంటబట్టదు, నోరు పూయును, విరేచనములతో రోగి కృశించి, రక్తము క్షీణించి మరణించును. సుబ్బారావు సోదరులిరువురు కొలది దినముల తేడాలో ఆ వ్యాధికి బలియైరి. అతనికి కూడ అదే వ్యాధి సోకగా లక్ష్మీపతిగారి చికిత్సతో బ్రదికెను. ఇంటిలో వైద్యవిద్య నేర్చినవాడున్నాడు. అయినను సోదరుల శరీరములో ఏది తక్కువైనదో చెప్పగలవాడు లేకపోయెను. అది ఆ కాలపు వైద్యమునకే తెలియని రహస్యము. ఈ దుఃఖము సుబ్బారావును జీవితాంతము వదలలేదు. ఉష్ణమండల వ్యాధులను గూర్చి నేర్చుటకు అమెరికా పోవలెనని అతడు నిశ్చయించెను. మామగారు కొంత ధనమిచ్చెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సాయము చేసెను. మూడు సంవత్సరములలో తిరిగివత్తునని భార్యకు మాటయిచ్చి బయలుదేరిన సుబ్బారావు 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరము చేరెను.

హార్వర్డు ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేర్చుకొనిరి గాని విద్యార్థివేతనము దొరకలేదు. జేబులో డబ్బు లేదు. చలికాలము ముంచుకొని వచ్చుచుండెను. పగలు చదువు; రాత్రి ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను తీసి శుభ్రపరచు కొలువు. మద్రాసులో వైద్యుడని పేరున్నవాడు బోస్టనులో ఆ పని చేయుటకు సిగ్గుపడలేదు. అట్లు చదువు ముగించి, హార్వర్డు వైద్యకళాశాలలోని జీవరసాయన శాఖలో ప్రవేశించెను.

ఆ శాఖాధిపతి ఆటో ఫోలిన్. స్వీడను దేశమున పుట్టి, బాల్యములో అమెరికాకు వలసవచ్చినవాడు. ఆయన చేసిన మేలును గూర్చి కొంచెము చెప్పనిదే సుబ్బారావు పని అర్థము కాదు. పూర్వము రక్తములోగాని మూత్రములోగాని ఒక పదార్థమెంత యున్నదో తెలియవలెనన్న రసాయనికులు దానిని గట్టిపొడిగా విడదీసి, వడగట్టి, ఆరబెట్టి, సున్నితపు త్రాసులో తూచుచుండిరి. అందులకు పరీక్షింపవలసిన ద్రవము చాల కావలెను, నేర్పరియగు రసాయనికుడు కావలెను, ఒకటి రెండు దినముల కాలము కావలెను. గిన్నెడు రక్తము రోగినుండి తీయుట సాధ్యమా? కనుక రక్తపరీక్ష పండితుల ప్రయోగశాలకే పరిమితమై యుండెను.

ఫోలిన్ త్రాసును విడిచి రంగును పట్టెను. బట్టలకు వేయు నీలిమందును రెండు గ్లాసుల నీటిలో కలిపితిమనుకొందము. ఒకదానిలో చిటికెడు, రెండవదానిలో రెండు చిటికెలు. రెండవదాని నీరు చిక్కని నీలముగా కనబడును. దానిని సగము లోతు వరకే ఉంచి పైనుండి చూచినచో రెండును సమానముగా కనబడును. సగము లోతులో అంతే రంగున్నదన్న మాట. అనగా నీలిమందు రెట్టింపు ఉన్నదన్న మాట. రంగులను పోల్చు యంత్రము ఈ సూత్రముమీదనే పనిచేయును. దానిని కలరీమీటరందురు. ఒకవైపు తెలిసిన మోతాదు గల ద్రవము, మరియొకవైపు రోగి రక్తమునుండి తీసిన ద్రవము పోసి, కంటిముందు గుండ్రని వెలుగులోని రెండు అర్ధభాగములును ఒక్కటే వన్నెకు వచ్చువరకు లోతును సవరింతురు. లోతు చదివి లెక్క కట్టుదురు. పలాసలో జీడిపప్పును వన్నెనుబట్టి వేరుచేయు స్త్రీల చూపెట్టిదో యెరిగినవారికి ఈ పని వింతగా తోచదు.

1886లో యాఫే అను జర్మను శాస్త్రజ్ఞుడు క్రియాటినిన్ అను పదార్థము పిక్రిక్ ఆమ్లముతో కలిసినపుడు నారింజవన్నె వచ్చునని కనుగొనియుండెను. 1904లో ఫోలిన్ ఆ వన్నెను కొలతగా మార్చెను. క్రియాటినిన్ కండరములలో పుట్టు వ్యర్థపదార్థము. మూత్రపిండములు దానిని రక్తమునుండి వడగట్టి వెలుపలికి పంపుచుండును. అవి చెడినచో అది రక్తములో నిలిచిపోవును. 1919లో ఫోలిన్, వూ అను చైనా దేశీయుడైన శాస్త్రజ్ఞునితో కలిసి, ఒకమారు తీసిన కొలది రక్తముతోనే అనేక పరీక్షలు చేయు మార్గమును ప్రకటించెను. నేడు గ్రామములలో సూదితో ఒక చిన్న గొట్టములో తీసికొనిపోవు రక్తమునుండి ఇన్ని లెక్కలు వచ్చుటకు ఆది అచ్చటనే యున్నది.

సుబ్బారావు చేరిన చోటు అట్టిది. సైరస్ ఫిస్కే అను ఆచార్యుడు అతనికి మార్గదర్శకుడయ్యెను. వారు భాస్వరమును కొలుచు పనికి పూనుకొనిరి. ఎముకలకు, పండ్లకు, కండరములకు భాస్వరము అవసరము. పిల్లల యెముకలు మెత్తబడి వంగిపోవు రోగములో రక్తపు భాస్వరము తగ్గును. మూత్రపిండములు చెడినవారిలో అది పెరుగును. ఈ సంగతి వైద్యులకు తెలిసియుండెను. అయినను కొలుచుట కష్టముగా నుండెను. 1920లో బెల్, డాయిజీ అనువారు నీలిరంగు పద్ధతి నొకదానిని చూపియుండిరి. దానిని మరియొకరు సవరించియుండిరి. కాని రంగు తేరుటకు చాలసేపు పట్టెడిది. ద్రవములోని ఇతర పదార్థములు అడ్డుపడి లెక్క తప్పించుచుండెను.

లోపము రంగును తెప్పించు మందులోనున్నదని గ్రహించి ఫిస్కే, సుబ్బారావు దానికి బదులు వేరొకదానిని వెదకిరి. మొదట రక్తమునుండి మాంసకృత్తులను ఆమ్లముతో విరిచి వడగట్టుదురు. తేటనీటిలో గంధకికామ్లముతో కలిపిన అమ్మోనియం మాలిబ్డేటును పోయుదురు. అది భాస్వరముతో జతగూడును. పిమ్మట వారు కనుగొనిన మందును, అనగా అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమును, కొలది చుక్కలు వేయుదురు. అయిదు నిమిషములలో ద్రవము నీలివన్నెకు తిరుగును. భాస్వరమెంత యున్నదో నీలమంత చిక్కన. ఇంతే. ఖరీదైన లోహపాత్రలు లేవు, దినములకొలది కాచుకొనుట లేదు, రోగినుండి గిన్నెడు రక్తము తీయుట లేదు. కొంచెము శిక్షణ పొందిన ఏ ప్రయోగశాలా సహాయకుడైనను చేయగలడు.

ఈ పద్ధతి 1925లో అమెరికాలోని జీవరసాయన శాస్త్రపత్రికలో వెలువడెను. ఫిస్కే-సుబ్బారావు పద్ధతియను పేరు ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటిలో స్థిరపడెను. శాస్త్రచరిత్రలో మిక్కిలి ఎక్కువగా పేర్కొనబడిన వ్యాసములలో అదియొకటి. ఒక పరీక్షను పది రెట్లు సులభము చేసినవానికి, క్రొత్త మందు కనిపెట్టినవానికి వచ్చినంత కీర్తి రాదు. రోగి తనకు ప్రాణమిచ్చిన మాత్ర పేరు జ్ఞాపకముంచుకొనును. ఆ మాత్ర కావలెనని చెప్పిన పరీక్షను మరచిపోవును. సుబ్బారావు విషయమునను అట్లే జరిగెను. ఆయన మందులను గూర్చి తెలిసిన తెలుగువారు కొందరైన కలరు; ఈ నీలిరంగు సంగతి తెలిసినవారు చాల తక్కువ.

ఆ పరీక్షయే సుబ్బారావునకు మరియొక తలుపు తెరచెను. ఆ కథ చిత్రమైనది. రక్తముతో అయిదు నిమిషములలో వచ్చు నీలము, కండరపు రసముతో చేసినప్పుడు మాత్రము ఆలస్యముగా వచ్చుచుండెను. మొదట కొంచెము నీలము కనబడి, తరువాత మెల్లమెల్లగా అరగంట వరకు ముదురుచుండెను. మరియొకరైనచో పరీక్ష చెడినదని ద్రవమును పారబోసి యుందురు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యమునే పట్టుకొనిరి. కండరములో భాస్వరము ఒంటరిగా లేదు. మరియొక పదార్థముతో ముడిపడియున్నది. ఆమ్లము తగిలినకొలది ఆ ముడి విడి, విడిన భాస్వరము నీలమునిచ్చుచున్నది. అందువలననే రంగు ఆలస్యమగుచున్నది. ఆ ముడిలోని రెండవ భాగము క్రియాటిన్ అని వారు తేల్చిరి. ఆ జంటపదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. పిల్లి కండరమును పనిచేయించినపుడు అది తగ్గుచుండెను. విశ్రాంతి యిచ్చినపుడు మరల పేరుకొనుచుండెను. మనిషి బరువెత్తునప్పుడు, పరుగెత్తునప్పుడు కండరమునకు శక్తి ఎచ్చటినుండి వచ్చుననుదానిని గూర్చి అంతవరకు ప్రబలియున్న సిద్ధాంతము దీనితో కదిలిపోయెను. ఈ సంగతి 1927లో ప్రకటింపబడెను. 1929లో వారు ఏ.టి.పి. అను పదార్థమును కూడ కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానిని కనుగొనెను. ప్రాణులన్నిటి కణములలో శక్తికి అది చెల్లుబడి నాణెమువంటిది.

సుబ్బారావు 1930లో డాక్టరేటు పట్టము పొందెను. అయినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. అప్పటికి ఇల్లు విడిచి ఎనిమిది సంవత్సరములు. మూడు సంవత్సరముల మాట ఎప్పుడో దాటిపోయెను. పుట్టిన కుమారుడు శైశవముననే మరణించియుండెను. ఆ బిడ్డను తండ్రి చూడనైన లేదు. ఇంటికి ధనము పంపుచుండెను గాని మనిషి రాలేదు. ఇది ఆయన జీవితములో మచ్చయో, విధి చేసిన అన్యాయమో చెప్పుట కష్టము. శేషగిరమ్మ మాత్రము ఎదురుచూచుచునే కాలము గడపెను.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రము పెర్ల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పిమ్మట అచ్చటి పరిశోధనలకు అధిపతియయ్యెను. తరువాతి ఎనిమిది సంవత్సరములలో ఆ ప్రయోగశాలనుండి వెలువడినవాటిని వేరువేరుగా వర్ణించిన ఒక్కొక్కదానికి ఒక గ్రంథము పట్టును. కాలేయములో సూక్ష్మముగానుండు ఫోలిక్ ఆమ్లమును వేరుచేసి, దానిని ప్రయోగశాలలో తయారుచేసిన సంగతిని ఆయన బృందము 1945లో ప్రకటించెను. ఆ ఫోలిక్ ఆమ్లమును వైద్యులు స్ప్రూ రోగులకిచ్చి చూచిరి. వాడిపోయిన రోగులు కోలుకొనిరి. ఏ వ్యాధి తన సోదరులను మ్రింగెనో ఆ వ్యాధికి మందు ఆయన ప్రయోగశాలనుండియే వచ్చెను. వచ్చునప్పటికి వారు పోయి ఇరువది సంవత్సరములు దాటెను. బోదకాలును కలిగించు క్రిములను చంపు హెట్రజాను 1947లో వెలువడెను. శ్రీకాకుళపు తీరగ్రామములలో ఇంటింటికి తిరిగి పంచిన బోదకాలు మాత్ర అదియే; దాని అసలు పేరు డైఇథైల్ కార్బమజీను. ఆయన ప్రయోగశాల ఇచ్చిన అమినోప్టెరినుతో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు 1947 చివరి నెలలలో చికిత్స చేసి కొంతకాలమైనను ఆ రోగమును అణచగలిగెను. బెంజమిన్ డగ్గర్ మట్టినుండి తీసిన ఆరియోమైసిను 1948లో లోకమునకు తెలిసెను.

ఇన్నిటిలో తన పేరు ముందుంచుకొనుటకు సుబ్బారావు ప్రయత్నింపలేదు. పత్రికలవారికి ఆయన కనబడినది తక్కువ. అమెరికాలో ఇరువదియారేండ్లు నివసించియు, చట్టము అనుమతించిన పిమ్మట కూడ, ఆ దేశపు పౌరుడు కాలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే మరణించెను. వయసు 53 సంవత్సరములు. భారతదేశము స్వతంత్రమై అప్పటికి ఒక సంవత్సరము నిండవచ్చుచుండెను. ఆయన మరణానంతరము ఒక బూజు జాతికి శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టిరి. 1995లో, ఆయన పుట్టి నూరేండ్లయిన సందర్భమున, భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

ఇప్పుడు మరల ఉద్దానమునకు పోవుదము. అచ్చటి గ్రామములలో శిబిరములు పెట్టి వేలాదిమందికి రక్తపరీక్షలు చేసిరి. టెక్కలి, సోంపేట, పలాసలలో రక్తమును యంత్రముతో శుద్ధిచేయు డయాలిసిస్ కేంద్రములు ఏర్పడెను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రియు పరిశోధనా కేంద్రమును ప్రారంభమయ్యెను. విశాఖకు పోవలసిన ప్రయాణము చాలమందికి తప్పెను. కొబ్బరితోటలో పనిచేయు కూలి ఉదయము రక్తమిచ్చి, సాయంకాలమునకు తన లెక్క తెలిసికొనగల రోజు వచ్చినది. ఆ లెక్క ఎక్కువగా నున్నచో ఉప్పు తగ్గించుకొని, నొప్పిమాత్రలు మాని, వైద్యుడు చెప్పినట్లు నడచినవానికి మరికొన్ని సంవత్సరములు తోటలో తిరుగు భాగ్యము కలుగవచ్చును.

ఆ ప్రయోగశాలలలో నేడు మనిషి కన్నుకు బదులు యంత్రపు కన్ను రంగును చూచును. నిమిషములలో పదుల రక్తములను చదువును. అయినను లోపల జరుగు పని పాతదే. భాస్వరమును కొలుచుటకు మాలిబ్డేటే వాడుదురు. క్రియాటినిన్ కొలుచుటకు యాఫే నారింజవన్నెను అనేక ప్రయోగశాలలు నేటికిని వాడుచున్నవి. కళాశాలలలో జీవరసాయనము నేర్చు విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని నేటికిని గాజుగొట్టములలో చేసి, నీలమెప్పుడు వచ్చునాయని చూచుచుందురు.

ఉద్దానపు రైతు చేతికి ఇచ్చు కాగితముమీద మొదట చూడవలసిన అంకె క్రియాటినిన్. అది ఎచ్చటినుండి వచ్చును? మనిషి గునపము వేసినపుడు, బుట్ట తలకెత్తుకొనినపుడు కండరములో ఖర్చగుచు మరల చేరుచుండు క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ కొంతకొంతగా తమంతట విరిగి క్రియాటినిన్‌గా మారును. 1927లో, బోస్టనులోని ఒక బల్లమీద, నీలము రావలసిన వేళకు రాకపోగా సుబ్బారావు వెదకి పట్టుకొన్న పదార్థమే అది. పలాస ఆసుపత్రిలోని గొట్టములో నేడు లెక్కింపబడుచున్నది దాని శేషము.